సింగపూర్ నీళ్లు, సుంకేసుల నీళ్లు

2015లో మా కర్నూల్లో సింగపూర్ మాట వినపడని టీ అంగడి లేదు. కొత్త రాజధాని అమరావతికి అక్కడివాళ్లు ప్లాను గీసి ఇస్తున్నారని పేపర్లు రోజూ రాసేవి. మా వీధి అరుగుల మీద పేపరు చదివే పెద్దాయనలు మాత్రం ఆ వార్త ముగియగానే 1953కు పోయేవాళ్లు. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది, కర్నూలు రాజధాని అయింది. కట్టడాలు చాలక ఆఫీసులకు గుడారాలు వేశారు. 1956 నవంబరు 1 వచ్చేసరికి రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరింది. మూడేళ్ల ముచ్చట. ‘‘మనకు గుడారాలు, వాళ్లకు గాజు మేడలా?’’ అని ఒకాయన రోజూ అడిగేవాడు. ఎవరిని అడిగేవాడో ఆయనకే తెలియాలి.

సరిగ్గా ఆ దసరా సెలవులకే మా బడిలో సింగపూర్ టూరు నోటీసు పెట్టారు. కడపలో ఉన్న బ్రాంచి పిల్లలూ మాతో కలుస్తారన్నారు. నేను తొమ్మిదో తరగతి. నాయన డబ్బు లెక్క చూసి వద్దన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, ఆ నెల చీటీ పాడేసింది. ఇక పాస్‌పోర్టు. విచారణకని కానిస్టేబుల్ ఇంటికొస్తే వీధి వీధంతా మా గుమ్మం ముందు నిలబడింది. నేను పరాయి దేశం పోతున్న సంగతి మా వాళ్లకు తెలిసింది అలా, పోలీసు ద్వారా.

ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు సింగపూర్ గుర్తురాదు. శంషాబాదు విమానాశ్రయం గుర్తొస్తుంది.

అప్పట్లో దేశం దాటే ప్రతి భారతీయుడూ ఒక కార్డు నింపి ఇమ్మిగ్రేషన్ బల్ల దగ్గర ఇవ్వాలి. 2017లో ఎత్తేశారు గాని, అప్పటికి ఉంది. పేరు, పాస్‌పోర్టు నంబరు, విమానం నంబరు, వృత్తి, ప్రయాణం ఎందుకు అనే గడులు. మేమంతా నేల మీద బ్యాగులు పెట్టుకుని, వాటి మీద కార్డులు పెట్టుకుని పరీక్ష రాసినట్టు రాస్తున్నాం. ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. ఎర్ర అంచు చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో కాగితాలు, వాటికి రబ్బరు బ్యాండు. ‘‘పాపా, ఇది కూడా రాసియ్యిమ్మా’’ అంది. మాట వినగానే కడప వైపు అని తెలిసిపోయింది. రాయచోటి దగ్గర పల్లె.

రాస్తూ పోయాను. వృత్తి దగ్గర ఆగి అడిగాను. ‘‘పని’’ అంది. ఏం పని అంటే, ‘‘ఇంట్లో పనే. కువైట్లో సేటు ఇంట్లో.’’ ప్రయాణం ఎందుకు అనే గడి కూడా అలాగే నింపాను. అప్పుడు ఆమె మా గుంపంతా ఒకసారి కలయజూసింది. ఒకే రంగు టీషర్టులు, ఒకే రంగు టోపీలు.

‘‘మీరంతా ఏంటికి పోతాండారు?’’

‘‘చూడ్డానికి.’’

ఆమె నవ్వింది. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. ‘‘సూడ్డానికా! నేను నాలుగేండ్లుండా ఆడ. వంటిల్లు తప్ప ఏం సూళ్లా.’’

తర్వాత ఆమె వరస వేరు, మా వరస వేరు. పేరు నా చేత్తోనే రాసినా ఇప్పుడు గుర్తులేదు. అప్పటి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, పుల్లంపేట చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫుకు పోయే ఆడవాళ్ల గురించి తర్వాత చాలా చదివాను. కొత్త మిద్దెలు, పెళ్లిళ్లు, తీరిన అప్పులు, వాటి వెనక కువైటు దినార్లు. అక్కడ విదేశం అంటే చాలామందికి ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక వంటిల్లు. నా టీచర్లు ఇచ్చిన నోటుబుక్కులో ‘చూసినవి, నేర్చుకున్నవి’ అని రెండు శీర్షికలు ఉన్నాయి. ఈ సంగతి ఏ శీర్షిక కిందా రాయలేదు. విమానం ఎక్కకముందు చూసింది లెక్కలోకి రాదన్నారు.

ఇక సింగపూర్. నిజం చెప్పాలంటే మాకు సింగపూర్ సగమే కనబడింది. ఆ ఏడు ఇండోనేసియాలో సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాల్లో పీట్ నేలలు తగలబడి, ఆ పొగంతా సముద్రం దాటి వచ్చి సింగపూర్ మీద కూర్చుంది. సెప్టెంబరు 25న బడులు మూసేశారు. మేం పోయేసరికి బడులు తెరిచారు గాని పొగ పోలేదు. హోటల్లో గాలి ఎంత చెడిందో అంకెల్లో పెట్టేవాళ్లు. దాన్ని చూసి మా సోషల్ సారు మాస్కులు పంచేవాడు. ఎత్తైన మేడలన్నీ నడుము దాకా ఉండి ఆపైన మాయమయ్యేవి. పేపర్లో చూసిన సింగపూర్ ఫొటోకీ, నా ముందున్న ఊరికీ పొంతన కుదరలేదు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిన పండగ సంవత్సరం అది, దీపస్తంభాలకు ఇంకా జెండాలు వేలాడుతున్నాయి. పక్క దేశం అడవి కాలితే ఈ దేశం దగ్గుతోంది. భూగోళం పాఠంలో సరిహద్దు అంటే గీత. ఆ గీతను పొగ ఖాతరు చెయ్యదని మాత్రం పాఠంలో లేదు.

బొమ్మల పార్కులు, పక్షుల పార్కు, సింహం తల చేప, వీటి గురించి రాయను. ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. ముస్తఫా సెంటరులో అమ్మకు గొడుగు కొన్నాను. లిటిల్ ఇండియాలో పెరుమాళ్ల గుడి ముందు ఒకతను మమ్మల్ని ఆపి ‘‘ఏ ఊరు?’’ అని తెలుగులో అడిగాడు. కర్నూలనగానే, ‘‘కరువు ఎట్లుంది?’’ అన్నాడు. బాగున్నారా అనలేదు. మా సీమలో క్షేమం అడిగే పద్ధతి అది.

నన్ను ఇప్పటికీ వదలని చోటు వేరే ఉంది: బెడోక్ దగ్గర, వాడిన నీళ్లను శుద్ధి చేసి తాగునీరు చేసే కర్మాగారం. పిల్లలకు చూపించడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టారు. ఇళ్ల నుంచి వచ్చిన మురుగు నీటిని ఒకసారి శుద్ధి చేసి, మళ్లీ సన్నటి పొరల గుండా వడకట్టి, ఆ తర్వాత రివర్స్ ఆస్మాసిస్‌తో, చివరికి అతినీలలోహిత కిరణాలతో శుభ్రం చేస్తారు. పేరు న్యూవాటర్. 2003లో మొదలైంది. అంతకు ముందు ఏడాది స్వాతంత్ర్య దినోత్సవ కవాతులో అప్పటి ప్రధాని గోహ్ చోక్ తోంగ్, వచ్చిన వేలాది జనం కలిసి సీసాలెత్తి ఆ నీళ్లే తాగారు. నీటి మీద జనానికి నమ్మకం కుదరాలంటే నాయకుడు ముందు తాగాలన్నమాట. ఈ సంగతి విన్నప్పుడు నాకు మా ఊళ్లో ఒకరిద్దరి పేర్లు తట్టాయి. ఇక్కడ రాయను.

మాకూ ఒక్కో చిన్న సీసా ఇచ్చారు. కడప బ్రాంచి పిల్లవాడొకడు మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. ‘‘సార్, ఇవి బాత్రూం నీళ్లు కదా?’’ అన్నాడు. సోషల్ సారు తన సీసా గటగటా తాగి, ‘‘రాసుకో, రుచి లేదు’’ అన్నాడు. నేనూ తాగాను. నిజంగానే ఏ రుచీ లేదు. బోరు నీళ్ల ఉప్పదనం పుట్టినప్పటి నుంచి నాలుకకు అలవాటైనవాళ్లం. రుచి లేని నీళ్లంటే మాకు అదొక వింత.

అక్కడి గైడు తమిళావిడ. చిన్న దేశం, పెద్ద నది లేదు, నీళ్లు నిలవ చేసుకునే జాగా లేదు అని చెప్పుకొచ్చింది. 1963లో వానలు లేక నెలల తరబడి నీళ్లు వంతులవారీగా ఇచ్చారట. పక్కనున్న మలేసియాలోని జొహోర్ రాష్ట్రం నుంచి గొట్టాల ద్వారా నీళ్లు తెచ్చుకుంటారు. 1962 నాటి ఒప్పందం. రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తీసుకోవచ్చు, వెయ్యి గ్యాలన్లకు మలేసియా డబ్బులో 3 సెన్‌లు. ఆ ఒప్పందం 2061లో ముగుస్తుంది. అద్దె ఇంటి గడువులాగా ఒక దేశం తన నీళ్ల గడువును గోడ మీద రాసుకుంది. 2061 నాటికి నాకు అరవై వస్తాయని లెక్క వేసుకున్నాను. వాళ్లు అప్పటికి మలేసియా నీళ్లు లేకపోయినా బతకాలని పని చేస్తున్నారు. వాన నీళ్లు పట్టుకునే జలాశయాలు, శుద్ధి చేసిన మురుగు నీళ్లు, ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు. నగరం మధ్యలో సముద్రానికి అడ్డంగా మెరీనా బరాజ్ కట్టి 2008లో తెరిచారు. దేశం మొత్తంలో ఆరో వంతు నేల మీద పడిన వాన ఆ ఒక్క చెరువులోకే చేరుతుంది.

ఆ మధ్యాహ్నమే వాన కురిసింది. మా వైపు వాన వస్తే ముందు మట్టి వాసన, తర్వాత గాలి, తర్వాత ఆశ, చాలాసార్లు అంతటితో సరి. అక్కడ అవేవీ లేవు. కొళాయి తిప్పినట్టు మొదలై, అరగంటలో ఆగింది. రోడ్డు పక్క కాలువలన్నీ తెల్లగా పొంగి, ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఒకే వైపు పరిగెత్తాయి. ఎక్కడికి అని అడిగితే చెరువులోకి అంది గైడు. ఏడాదికి 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుందట. కర్నూలు, కడపలకు 700కు అటూ ఇటూ, అదీ మంచి ఏడాదిలో. వాన మాకు మూడింతలకు పైగా పడే దేశం, నాకు నీళ్లు లేవని పిల్లలకు నేర్పుతోంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న పారే సీమలో పుట్టిన మాకు, నీళ్లెక్కడివని ఎవరూ నేర్పలేదు. మా కాలనీకి రోజు విడిచి రోజు కొళాయి వచ్చేది. వస్తే పట్టుకునేవాళ్లం, రాకపోతే ట్యాంకరు వెంట బిందెలు పట్టుకుని పోయేవాళ్లం. ఎక్కడి నుంచి వస్తోందని అడిగినవాళ్లు లేరు.

నీళ్ల సంగతి మాకు తెలియదనడం కూడా సరి కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. నేను మూడో తరగతి. మిద్దె మీద రాత్రంతా కూర్చున్నాం. తెల్లారి చూస్తే గోడ మీద నీళ్లు నిలిచిన గీత. ఆ గీత మీద సున్నం వేసినా మరుసటి ఏడు మళ్లీ పైకి తేలేది. మా తరగతిలో ప్రతి ఇంటికీ ఒక గీత ఉండేది. ఎవరిది ఎత్తు అని పందేలు వేసుకునేవాళ్లం. కరువు సీమ పిల్లలకు నీళ్లు ఒకసారి లేకుండా, ఒకసారి ముంచేస్తూ ఎదురుపడ్డాయి గాని, ఎవరో లెక్కగట్టి నిలవ చేసి కొళాయిలో పంపే వస్తువుగా ఎదురుపడలేదు.

ఇంటికొచ్చిన తర్వాత దసరా రోజు, అక్టోబరు 22న, టీవీలో అమరావతి శంకుస్థాపన చూశాం. ప్రధాని మోదీ ఢిల్లీ నుంచి పార్లమెంటు ఆవరణ మట్టి, యమున నీళ్లు తెచ్చారు. సింగపూర్ మంత్రి ఈశ్వరన్ వేదిక మీద ఉన్నాడు. మా అవ్వ ఓళిగ తుంచుకుంటూ అంతా చూసి, ‘‘ఆ నీళ్లేవో మాకూ ఒక కడవ పంపియ్యమను’’ అంది. అవ్వది కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ, కింది పల్లె. కాలువ నీళ్లు వచ్చిన ఏడు వరి, రాని ఏడు వాయిదా. ఆమెకు తెలిసిన వేళాపట్టిక అదొక్కటే.

ఆ సాయంత్రమే నాయనను అడిగాను, మన నీళ్లు ఎక్కడివని. ‘‘సుంకేసుల’’ అన్నాడు. ఇంకేం చెప్పలేదు. చెప్పడం కంటే చూపడం నయమనుకున్నాడేమో, మరుసటి ఆదివారం బండి మీద తీసుకుపోయాడు.

ఆ ఏడు పైన వానలు తక్కువ. తుంగభద్ర ఇసుక మేటలు వేసుకుని, వాటి మధ్య పాయలుగా పారుతోంది. సుంకేసుల బరాజ్ గేట్ల ముందు నీళ్లు నిలిచి ఉన్నాయి. పక్కన కాలువ తల. కర్నూలు-కడప కాలువ అక్కడ మొదలై దాదాపు 300 కిలోమీటర్లు పోయి కడప చేరుతుంది. మధ్యలో కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయనపల్లె ఆనకట్ట దానికి తోడు. మా రెండు ఊళ్లనూ కలిపి కుట్టిన దారం అది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని లండన్‌లో పెట్టుబడి పోగుచేసిన ఒక సంస్థ 1860లలో తవ్వించింది. వాటాదారుల డబ్బుకు 5 శాతం వడ్డీ ఇస్తామని అప్పటి ప్రభుత్వం పూచీ పడింది. సేద్యానికే కాదు, పడవలు కూడా నడుపుదామని లాకులు కట్టారు. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. పరాయి దేశంవాళ్లు మన నేల మీద ప్లాను గీయడం కొత్త కాదన్నమాట. అమరావతిలో సింగపూర్ సంస్థలు చేపట్టిన ప్రాజెక్టు 2019లో రద్దయింది. లండన్ కంపెనీ దివాలా తీసినంత పని చేసినా కాలువ మాత్రం మిగిలింది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు రాసింది. అన్నీ వస్తాయా అని ఆయకట్టు రైతును అడిగి చూడండి.

వచ్చేటప్పుడు నాయన ఊరి మధ్యలోనే బండి ఆపాడు. హంద్రీ నది పైనుంచి ఆ కాలువ దాటే చోటు. కింద నది, మీద కాలువ. నూటయాభై ఏళ్ల కట్టడం. నేను బడికి పోయే దారిలోనే ఉంది. అది నాకు మురికి వాసనకు ముక్కు మూసుకునే మలుపు. అంతకు కొద్ది రోజుల ముందే సింగపూర్ నది ఒడ్డున నిలబెట్టి, 1977 నుంచి పదేళ్లపాటు ఆ నదిని ఎలా శుభ్రం చేశారో మాకు చెప్పారు. పందుల పెంపకాలు, తోపుడుబండ్లు, పడవల మరమ్మతు షెడ్లు అన్నీ వేరే చోటికి తరలించి, అడుగు మట్టి తోడి, చేపలు తిరిగొచ్చేదాకా ఆగలేదట. అది విని మేం చప్పట్లు కొట్టాం. హంద్రీ మీద నిలబడినప్పుడు నాయన కొత్తిమీర కట్ట బేరమాడుతున్నాడు. వింత చూడ్డానికి వచ్చినవాళ్లం మేమిద్దరమే.

ఇటీవల మా పిన్ని కొడుకు బడి నుంచి దుబాయి టూరు నోటీసు వచ్చింది. ‘‘అక్కా, పోనా?’’ అని అడిగాడు. పొమ్మన్నాను. బడి పిల్లలు విదేశం పోవడం మీద నాకు కోపం లేదు. డబ్బున్నవాళ్ల వేడుక అని కొట్టిపారేసే రోజులు కూడా పోయాయి. 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల పిల్లలు పదిమందిని న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి పంపింది. వాళ్లలో కర్నూలు వైపు కస్తూర్బా బడిలో చదివే ఆడపిల్ల ఉంది. అలాంటి బడులకు ఏ ఇళ్ల నుంచి పిల్లలు వస్తారో మా జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. కోసిగి, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో పంట పోతే ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప చేలకు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. పిల్లలూ పోతారు. ఆ పిల్లలకు జిల్లా దాటించే మొదటి యాత్ర సుగ్గి. అలాంటి ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్ల ఐక్యరాజ్యసమితి మెట్లెక్కిందంటే నాకు కలిగిన సంతోషం నా సింగపూర్ ఫొటోలన్నీ చూసినా రాదు.

అయితే ఇంకొక యాత్ర ఉంది, దాని పద్ధతి నాకు మరీ ఇష్టం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. టిబెట్ వైపు నుంచి ఎక్కారు. బడి పిల్లల విదేశీయాత్రలో అంతకు మించింది నేను వినలేదు. వాళ్లను ఎకాఎకిన హిమాలయాలకు తీసుకుపోలేదు. ముందు భువనగిరి గుట్ట ఎక్కించారు. కళ్లెదురుగా ఉన్న బండ మీద కాలు నిలిచాకే డార్జిలింగ్, లద్దాఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు.

కర్నూలు, కడప బడుల యాజమాన్యాలకు ఒక విన్నపం. దుబాయికి, సింగపూర్‌కు తీసుకుపోండి, వద్దనడం లేదు. దానికి ముందు ఒక ఆదివారం పిల్లల్ని బస్సులో సుంకేసులకు తీసుకుపోండి. గంట ప్రయాణం. కడపవాళ్లయితే ఆదినిమ్మాయనపల్లె ఆనకట్టకు. గేటు ఎలా ఎత్తుతారో అక్కడి లస్కరు చేత చెప్పించండి. కర్నూలువాళ్లు వచ్చేటప్పుడు హంద్రీ మీద కాలువ దాటే చోట బస్సు ఆపండి. వీసా అక్కర్లేదు, చీటీ పాడక్కర్లేదు, పులిహోర పొట్లాలు చాలు.